సొంత కంప్యూటరుపై భాషా మోడలు : పరిశోధకుని వ్రాతల గోప్యత

పరిశోధకుని యొద్ద నుండు కాగితములలో అచ్చుపడినవానికంటె అచ్చుపడనివే యెక్కువ. పరిష్కరణము పూర్తికాని తాళపత్రప్రతుల నకళ్లు, మాండలిక సేకరణమునకై పల్లెలలో చేసిన ధ్వనిముద్రణములు, వాని లిఖితరూపములు, సగము వ్రాసి విడిచిన సిద్ధాంతవ్యాస ప్రకరణములు - ఇవి యన్నియు నొకప్పుడు బీరువాలలో నుండెడివి. నేడవి కంప్యూటరులో నున్నవి. వానిని చదివి పట్టికలు కట్టుటకును, సంక్షేపించుటకును, ఆంగ్లమునకు మార్చుటకును కృత్రిమ మేధ సాయము గోరని విద్యార్థి మన శాఖలలో నిపుడు అరుదు. అతడు చేయు పని సులభము. బ్రౌజరు తెఱచి, అందలి పెట్టెలో తన వ్రాత నతికించి, ప్రశ్న వేయును. క్షణములలో ప్రత్యుత్తరము వచ్చును. ఆ క్షణములలో ఆ వ్రాత యెచ్చటికి పోయి వచ్చినదను సంగతి మాత్రము అతనికి తోచదు.

ఇది యంత్రశాస్త్రజ్ఞులకు విడిచిపెట్టదగిన ప్రశ్న యని నేను తలంపను. భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తి పదకోశము వ్యవసాయ పదములతో మొదటి సంపుటముగా 1962లోను, చేనేత పదములతో రెండవ సంపుటముగా 1971లోను ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పక్షమున వెలువడినది. అందలి పదములు పల్లెలలోని వ్యవహర్తల నోటినుండి వచ్చినవి. అచ్చయినవి పదములు, వారి సంభాషణములు కావు. నేటి సేకరణములో మాట మాటయు నమోదగుచున్నది. కాడికిని మేడికిని మీ ప్రాంతమున పేరేమని యడిగిన రైతు ఆ మేడి చేసిన వడ్రంగితో తనకు గల తగవును గూడ చెప్పును. అన్నదమ్ముల పంపకములు, అప్పులు, కోడలి యనారోగ్యము మాటల నడుమ దొర్లును. అతడవి చెప్పినది తన యరుగుపై కూర్చున్న పరిశోధకునకు. సముద్రముల కావల నున్న యొక కంపెనీకి చెప్పుచున్నానని అతడు తలంపలేదు. అట్లు తలంపవలెనని అతనికి చెప్పినవారును లేరు.

బ్రౌజరు పెట్టెలో నుంచిన వ్రాత సాధారణముగా ఆ సేవను నడపు సంస్థవారి సర్వరునకు చేరును. అచ్చట కొంతకాలము నిలువయుండును. ఉచిత ఖాతాలపై జరుగు సంభాషణములను మోడలునకు శిక్షణ నిచ్చుటకు వాడుకొందుమని, వలదన్నచో ఒక మీటను మార్చుకొనవలెనని పెక్కు సంస్థలు తమ నిబంధనలలో చెప్పుచున్నవి. తుడిచివేసితిని గదా యన్న ధీమాయు నిలువదు. న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఓపెన్ ఏఐ సంస్థపై వేసిన వ్యాజ్యములో 2025 మే నెలయందు న్యాయస్థానము చాట్ జీపీటీ ప్రత్యుత్తరముల దాఖలాలను, వాడుకరులు తుడిచివేసినవానితో సహా, భద్రపఱచవలెనని యుత్తరువు చేసినది. కొన్ని నెలలకు ఆ బాధ్యత సడలింపబడినది. ఆ నడిమికాలమున తుడుపు మీట నొక్కినవారికి తెరపై సంభాషణము మాయమైనట్లే కన్పట్టినది.

ఇందులకు ప్రతిక్రియగా చెప్పబడుచున్నది మోడలును మన కంప్యూటరుననే నడపుకొనుట. ఇది యెట్లు సాధ్యమో తెలియవలెనన్న మోడలనగా నేమో కొంత యెఱుగవలెను. భాషా మోడలు తుదకు కొన్ని వందల కోట్ల సంఖ్యలు గల యొక ఫైలు. ఆ సంఖ్యలను భారములందురు. శిక్షణ కాలమున వేలకొలది యంత్రములు నెలల తరబడి లెక్కించి యీ భారములను స్థిరపఱచును. అటుపిమ్మట మనము ప్రశ్న వేసినప్పుడు జరుగునది ఆ సంఖ్యలతో గుణకార సంకలనములు మాత్రమే. ఫైలు మన యంత్రమున నున్నచో ఈ లెక్కకు అంతర్జాలముతో నిమిత్తము లేదు. తీగ నూడదీసినను ప్రత్యుత్తరము వచ్చును. నిజమునకు ఇదియే సులభమైన పరీక్ష: అంతర్జాల సంబంధమును త్రెంచి ప్రశ్న వేయవలెను; ప్రత్యుత్తరము వచ్చినచో ఆ మోడలు మన యింటిది.

చిక్కు పరిమాణముతో వచ్చినది. 700 కోట్ల భారములు గల మోడలులో ఒక్కొక్క సంఖ్యను 16 బిట్లలో, అనగా రెండు బైట్లలో, దాచినచో ఫైలు 14 గిగాబైట్లగును. 8 గిగాబైట్ల మెమొరీ గల విద్యార్థి ల్యాప్‌టాపు దానిని మోయజాలదు. కావున సంఖ్యలను ముతకచేయుదురు. దీనిని క్వాంటైజేషను అందురు. మన చదువులో దీనికి దగ్గఱి పోలిక ఛందస్సునందే యున్నది. నోట పలికిన అక్షరముల కాలపరిమాణములు ఏ రెండును సమానములు కావు. లాక్షణికులు ఆ భేదముల నన్నింటిని ప్రక్కకు నెట్టి లఘువునకు ఒక మాత్ర, గురువునకు రెండు మాత్రలు అని రెండే మెట్లు చేసిరి. పోయిన సూక్ష్మభేదములు పెక్కు. ఐనను ఉత్పలమాల నడక గుర్తుపట్టుటకు ఆ రెండు మెట్లు చాలినవి. 16 బిట్ల సంఖ్యకు 65,536 విలువలకు తావు కలదు. దానిని 4 బిట్లకు కుదించినచో మిగులునవి 16 మెట్లే. కొన్ని సంఖ్యల గుంపునకు ఉమ్మడిగా నొక గుణకము నుంచుకొని ఆ మెట్లలోనే వానిని సర్దుదురు. 14 గిగాబైట్ల ఫైలు సుమారు నాలుగింటికి దిగును. మోడలు నేర్పు కొంత తఱుగును గాని, ఊహించినంత తఱుగదు.

ఈ మార్గమున చరిత్ర బహు స్వల్పము. 2023 ఫిబ్రవరి 24వ తేదీన మెటా సంస్థ లామా యను మోడలును 700 కోట్ల భారములు మొదలు 6,500 కోట్ల భారముల వఱకు నాలుగు పరిమాణములలో, దరఖాస్తు పెట్టుకొన్న పరిశోధకులకు మాత్రమని ప్రకటించినది. కొలది దినములలో ఆ ఫైళ్లు అంతర్జాలమున బహిరంగముగా వ్యాపించినవి. మార్చి నెలలో బల్గేరియా దేశీయుడగు గియోర్గి గెర్గనోవ్ సాధారణ ల్యాప్‌టాపులపై దానిని నడపు లామా.సీపీపీ యను ప్రోగ్రాము వెలువరించెను. ఓలామా, ఎల్ఎమ్ స్టూడియో వంటి సులభసాధనములు తరువాత వచ్చినవి. ఫ్రాన్సు దేశపు మిస్త్రాల్ సంస్థ 2023 సెప్టెంబరులోను, గూగుల్ జెమ్మా పేరుతో 2024 ఫిబ్రవరిలోను తమ మోడలుల భారములను బహిరంగముగా నిచ్చినవి. 2025 ఆగస్టులో ఓపెన్ ఏఐ సంస్థయు 16 గిగాబైట్ల మెమొరీలో నడువగల మోడలు నొకదానిని విడుదల చేసినది. ఇట్టివానిని స్వేచ్ఛా మోడలులని కొందఱు వ్యవహరించుచున్నారు గాని, భారములు చేతికిచ్చుట వేఱు, ఏ వ్రాతలతో శిక్షణ యిచ్చిరో చెప్పుట వేఱు. రెండవది చేసినవారు అరుదు.

తెలుగువానికి ఇచ్చట ప్రత్యేకముగా నొక కష్టము కలదు. యూనికోడునందు తెలుగు అక్షరములకు 128 స్థానములు కేటాయింపబడినవి. యూటీఎఫ్-8 పద్ధతిలో రోమను అక్షరమునకు ఒక బైటు చాలగా, మన ప్రతి సంకేతమునకు మూడు బైట్లు వలయును. స్త్రీ అను మాట మనకు ఏకాక్షరము. యంత్రమునకది సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫము, గుడిదీర్ఘము అని ఆఱు సంకేతములు, 18 బైట్లు. మోడలు చదువునది అక్షరములను గాక టోకెనులను ముక్కలను. ఆ ముక్కల నిఘంటువులో తెలుగునకు చోటు తక్కువైనచో ఒక్క మాట పది తునకలగును. 2023 నాటి రెండవ లామా నిఘంటువులో 32,000 ముక్కలు మాత్రమే యుండెను. 2024 నాటి మూడవ లామాలో 1,28,000కు పైగాను, జెమ్మాలో సుమారు 2,56,000ను కలవు. ఇతరుల సర్వరుపై ఈ భేదము మనకు కనఁబడదు. ఇంటి యంత్రముపై మాత్రము అది కాలముగా కన్పట్టును: ఆంగ్లపు పుటను నిమిషములో ముగించునది తెలుగు పుటకు ఎన్నో రెట్లు తీసికొనును, మోడలు ఒక్కసారి చదువగల వ్రాత పరిమితియు ఆ మేరకు కుంచించుకొనిపోవును.

ఇంటి మోడలు తెలుగున గొప్ప పండితుడని చెప్పి విద్యార్థులను భ్రమపెట్టుట తగదు. చిన్న మోడలులు పద్యమునకు ప్రతిపదార్థము చెప్పబోయి కల్పన చేయును. మాండలిక రూపమును తప్పుగా భావించి ప్రామాణికరూపమునకు దిద్దును. మాండలిక పరిశోధనకు ఇంతకంటె విఘాతము మఱి లేదు. పట్టికలు కట్టుట, ఆకారాదిగా సర్దుట, ఆంగ్ల వ్యాసములను సంక్షేపించుట వంటి పనులు అవి చక్కగానే చేయును. అనువాదమునకు మద్రాసు ఐఐటీలోని ఏఐ ఫర్ భారత్ బృందము 2023లో వెలువరించిన ఇండిక్‌ట్రాన్స్2 సంభాషణ మోడలు కాకపోయినను, ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలకును పనికివచ్చును. దాని చిన్న రూపము సామాన్య యంత్రముననే నడచును. సర్వం సంస్థ 2024లో విడుదల చేసిన 200 కోట్ల భారముల మోడలు తెలుగుతో కలిపి పది భారతీయ భాషలను దృష్టియందుంచుకొని కూర్చిన టోకెను నిఘంటువుతో వచ్చినది. మన పని కొఱకు పేరు పెద్ద మోడలుకంటె ఇట్టి చిన్న మోడలులే మేలని నా యభిప్రాయము.

ఇంతవఱకు వచ్చినవారు సాధారణముగా ఇచ్చట నిశ్చింతులగుదురు. మోడలు మన యింట నున్నది, ఇంక భయమేమి? అసలు భయము బ్రౌజరుతో మొదలగుచున్నది. ఏలనన, ఇంటి మోడలుతో మాటాడుటకును పెక్కుమంది వాడునది ఆ బ్రౌజరునే. ఓలామా వంటి సాధనము మన యంత్రముననే ఒక చిన్న సర్వరుగా నిలిచి, 127.0.0.1 అను చిరునామాపై 11434వ సంఖ్య గల ద్వారమున ప్రశ్నల నందుకొనును. ఆ చిరునామా యెల్లప్పుడును ఆ యంత్రమునకే చెందినది. ఆ ప్రశ్నలను పంపు పుట బ్రౌజరులో తెఱచుకొనును. ప్రక్క కిటికీలో దూరదేశపు సేవయు అట్లే తెఱచుకొనును. రెండింటి రూపము నొక్కటే: పైన సంభాషణము, క్రింద పెట్టె. ఏది యింటిదో ఏది పరునిదో తెరను చూచి చెప్పుట సాధ్యము కాదు. ఓలామా 2025లో దూరపు సర్వర్లపై నడచు మోడలులను గూడ తన పట్టికలో చేర్చినది. పేరు చివర నుండు క్లౌడ్ అను మాటయే భేదకము. క్రోమ్ బ్రౌజరులో జెమినీ నానో యను చిన్న మోడలు ఆ యంత్రముననే పనిచేయును. అదే బ్రౌజరులో జెమినీ పేరుతోనే యుండు సహాయకుడు చదువు పుటను గూగుల్ సర్వర్లకు పంపును. పేరొక్కటి, స్థానములు రెండు.

మోడలునకు చేరకముందే వ్రాత బయటికి పోవు దారులు కలవు. వీనిలో మనవారికి మిక్కిలి సన్నిహితమైనది తెలుగు టైపు చేయు పద్ధతి. రోమను లిపిలో కొట్టి తెలుగుగా మార్చుకొనువారు పెక్కుమంది. ఆ మార్పు ఎచ్చట జరుగుచున్నది? లేఖిని వంటి సాధనములో లిప్యంతరీకరణ సూత్రములు పుటతోపాటు మన బ్రౌజరులోనికే వచ్చును. మార్పు అచ్చటనే జరుగును. గూగుల్ వారి అంతర్జాల లిప్యంతరీకరణ పుటలో మనము కొట్టిన రోమను రూపము మాట మాటయు సర్వరునకు పోయి తెలుగు రూపములు తిరిగివచ్చును. 1991 నాటి భారతీయ ప్రమాణములో చేరిన ఇన్‌స్క్రిప్టు కీబోర్డునకు సర్వరుతో పనియే లేదు. ఒక మీట, ఒక సంకేతము. ఇంటి మోడలును ప్రయాసపడి స్థాపించుకొని, దానికి వేయు ప్రశ్నను మాత్రము దూరపు సర్వరుచే లిప్యంతరీకరింపించుకొను విద్యార్థి ముందటి తలుపు మూసి దొడ్డితలుపు తెఱచినవాడగును. ఇన్‌స్క్రిప్టు నేర్చుటకు రెండు వారములు చాలును. నేర్వ నొల్లనివారికి లేఖిని యుండనే యున్నది.

వర్ణక్రమ దోషములు చూపు సాధనములును ఇట్టివే. 2022లో ఒక భద్రతా సంస్థ జరిపిన పరిశీలనలో క్రోమ్ యొక్క ఉన్నత వర్ణక్రమ పరిశీలనము, ఎడ్జ్ బ్రౌజరునకు చేర్చుకొను మైక్రోసాఫ్ట్ ఎడిటరు, పుటలలో నింపిన వ్రాతను, కొన్ని సందర్భములలో రహస్యపదములను సైతము, తమ సర్వర్లకు పంపుచున్నట్లు బయటపడినది. ఇవి వాడుకరి కోరి తెఱచుకొన్నప్పుడే పనిచేయును. సామాన్యమైన వర్ణక్రమ పరిశీలనము యంత్రముననే జరుగును. ఇక చేర్పు ప్రోగ్రాములలో కొన్ని 'అన్ని పుటలలోని సమాచారమును చదువుటకును మార్చుటకును' అనుమతి కోరును. అన్ని పుటలనగా ఇంటి మోడలు పుటయు నందు చేరును.

127.0.0.1 అను చిరునామాయే కోట యని నమ్మినవారికి 2025 జూనులో వెల్లడియైన సంగతి కనువిప్పు కావలెను. స్పెయిన్, నెదర్లాండ్స్, బెల్జియం దేశముల పరిశోధకులు ఆండ్రాయిడ్ ఫోనులపై జరిపిన పరిశీలనలో, మెటా మఱియు యాండెక్స్ సంస్థల గుర్తింపు సూత్రములు గల పుటలు బ్రౌజరునుండి ఆ ఫోనులోనే యున్న ఆ సంస్థల యాప్‌లతో ఈ లోపలి చిరునామాపైననే మాటాడుచున్నట్లు తేలినది. రహస్య కిటికీ తెఱచినను, కుకీలు తుడిచినను ఆ సంబంధము తెగలేదు. వెల్లడియైన వెంటనే మెటా ఆ పద్ధతి నాపినది. ఓలామాలోను ఇట్టి జాతి లోపమొకటి 2024లో బయటపడి సరిదిద్దబడినది: ఏదో దుష్టపుటను బ్రౌజరులో తెఱచినచో, ఆ పుట యింటి సర్వరుతో సంభాషింపగలిగెడిది. కావున ఈ సాధనములను ఎప్పటికప్పుడు క్రొత్త రూపమునకు మార్చుకొనుట యవసరము. పది కంప్యూటర్లకు ఉమ్మడిగా పనికివచ్చునని కొందఱు సర్వరు చిరునామాను 0.0.0.0 అని మార్చుదురు. అంతటితో అది ఆ నెట్‌వర్కులోని వారందఱికిని తెఱచుకొనును. వసతిగృహపు వైఫైపై అట్లు చేయరాదు.

బ్రౌజరు లోపలనే మోడలును నడపు పద్ధతియు 2023లో క్రోమ్ 113వ రూపము వెబ్‌జీపీయూ నందించిన నాటినుండి సాధ్యమైనది. పుట తెఱచినప్పుడు భారముల ఫైలు దిగును. చిత్రసంస్కరణ యంత్రము లెక్కలు చేయును. ఇది సొగసైన పద్ధతి. కాని లెక్క ఇచ్చట జరిగినంత మాత్రమున వ్రాత బయటికి పోదని చెప్పలేము. ఆ పుటను నడపు ప్రోగ్రాము ప్రతిసారియు పరుల సర్వరునుండి వచ్చుచున్నది. నిన్నటిది నేటిది కాకపోవచ్చును. ఇంతకును బ్రౌజరు తన యజమానిని గూర్చి పలుకకయే చాల చెప్పును. 2010లో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్‌కు చెందిన పీటర్ ఎకర్స్‌లీ సుమారు 4,70,000 బ్రౌజర్లను పరిశీలించి, అందు 83.6 శాతము ఫాంటుల పట్టిక, తెర కొలత మొదలగు లక్షణములచేతనే తక్కినవానినుండి విడిగా గుర్తింపదగియున్నవని చూపెను. ఒకటి రెండు అరుదైన తెలుగు ఫాంటులు చేర్చుకొన్న తెలుగు పండితుని కంప్యూటరు ఈ విధమున సులభముగా పట్టుబడునదే.

బ్రౌజరు నిందార్హమే యని నా భావము కాదు. ఐరోపా సమాజపు ధనసాయముతో ఎడిన్‌బరో మొదలగు విశ్వవిద్యాలయములు చేసిన బెర్గమాట్ పరిశోధన ఫలితముగా 2023 సెప్టెంబరునాటి ఫైర్‌ఫాక్స్ 118వ రూపములో పుటల యనువాదము వాడుకరి యంత్రముననే జరుగ నారంభించినది. విశ్వవిద్యాలయ భాషాశాఖల కృషి ఇట్టి యుపయోగమునకు రాగలదనుటకు ఇది మంచి దృష్టాంతము.

శాసనము మాటకు వచ్చినచో, 2017 ఆగస్టు 24న పుట్టస్వామి వ్యాజ్యమున సుప్రీముకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము గోప్యతను ప్రాథమిక హక్కుగా నంగీకరించినది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము నిర్ణీత ప్రమాణములకు లోబడి జరుగు పరిశోధనకు మినహాయింపు నిచ్చినది. మినహాయింపు పరిశోధకునకు శాసనరీత్యా ఊరట కావచ్చును. అరుగుమీది రైతు ఆ చట్టమును చదివి మాటాడలేదు. అందుచేత సమ్మతి పత్రములో ఒక వాక్యము చేర్చవలెనని నా సూచన: ఈ ధ్వనిముద్రణమును ఏ యంత్రము వినును, ఆ యంత్రము ఎచ్చట నున్నది అను రెండు సంగతులు తెలుగున, వ్యవహర్తకు చదివి వినిపింపదగిన మాటలలో నుండవలెను. లిఖితరూపము సిద్ధము చేయుటకు వాడు యంత్రమును అంతర్జాలమునకు తగిలింపకుండుట మేలు. ఒక పాత కంప్యూటరు, 16 గిగాబైట్ల మెమొరీ, తాళము గల డిస్కు - ఏ శాఖకును ఇది మించిన వ్యయము కాదు. తాళము మఱవరాదు, ఇంటి మోడలు సాధనములు పెక్కు మన సంభాషణములను సాదా ఫైళ్లుగా డిస్కునందే దాచుచున్నవి, పోయిన ల్యాప్‌టాపుతో అవియు పోవును.

మిగిలినవి పూర్వపు సేకరణములు. మన శాఖల బీరువాలలో నున్న పాత టేపులను డిజిటలు రూపమునకు మార్చు పని పెక్కుచోట్ల జరుగుచున్నది. వానిలోని వ్యవహర్తలు నేడు లేరు. క్రొత్త ప్రశ్న వేసి సమ్మతి పొందుటకు వీలులేదు. ఆ ముద్రణములను ఏ దూరపు సేవకును పంపరాదనియు, తీగ లేని యంత్రముననే లిఖితరూపము చేయవలెననియు నేను భావించుచున్నాను. పని మందముగా సాగును. కొన్ని టేపుల యట్టపెట్టెలపై వ్యవహర్త పేరు, ఊరు, వృత్తి పెన్సిలుతో వ్రాసియున్నవి. కొన్నింటిపై ఊరి పేరు మాత్రమే కలదు.